నువ్వుపూలకు కట్టిన దారాలు

నువ్వు పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. సాయంత్రానికి రాలిపోతుంది. రాలిన చోట కాయ మొదలవుతుంది. పువ్వు విచ్చుకున్న పొద్దునే దానికి గుర్తు కట్టాలి. కట్టకపోతే ఆ తర్వాత కాయ వయసు ఎవరూ చెప్పలేరు. ఇరవై రోజుల కాయ, ముప్ఫై రోజుల కాయ పైకి ఒకేలా పచ్చగా ఉంటాయి. లోపల ఒకదానిలో నూనె ఇంకా చేరుతూ ఉంటుంది, రెండోదానిలో దాదాపు నిండిపోయి ఉంటుంది. వయసు తెలియని కాయ గానుగకు పనికొస్తుంది గానీ ప్రయోగశాలకు పనికిరాదు.

2020 వేసవి పంటకు జరిగింది అదే. ఫిబ్రవరిలో విత్తిన నువ్వు మార్చి చివరి వారంలో పూతకొచ్చింది. ఆ వారమే దేశమంతా తలుపులు మూసుకుంది. సూరత్ బయట, కామ్‌రేజ్ దాటాక కాలవ పక్కన ఉన్న మా ప్రయోగ క్షేత్రానికి వెళ్ళడానికి ఎవరికీ అనుమతి రాలేదు. మే నెలలో పాసు దొరికి వెళ్ళేసరికి చేను నిండా కాయలు ఉన్నాయి. వాటిలో ఒక్కదానికీ వయసు లేదు.

‘మా’ అంటున్నాను గానీ పని నాది కాదు. ఆ ప్రయోగశాలలో నేను నూనెగింజల రసాయన విశ్లేషణ చేసి ఎప్పుడో రిటైరయ్యాను. మావారి రైల్వే ఉద్యోగంతో సూరత్ వచ్చాం. ఆయన పోయాక కూడా ఆల్థాన్‌లోని ఫ్లాటులోనే ఉండిపోయాను. ప్రొఫెసరు గారు ఫోన్ చేసి, ఒక అమ్మాయి పరిశోధన చేస్తోంది, గింజల్లోంచి కొవ్వులు తీసే పద్ధతి చేతిపట్టి నేర్పించగలరా అని అడిగితే ఒప్పుకున్నాను. తెలుగమ్మాయి అన్నది వెళ్ళాక తెలిసింది.

ఆ అమ్మాయి సూరత్ పక్కనున్న కడోదరాలో పుట్టింది. తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్ళ కుటుంబం. తండ్రి మరమగ్గాల ఖాతాలో, అంటే నేత షెడ్డులో, కార్మికుడు. మరమగ్గాలను వాళ్ళు సాంచెలు అంటారు. తల్లి ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అతుకుతుంది. అమ్మాయి తెలుగులో మొదలుపెట్టిన వాక్యం హిందీలోకి వెళ్ళి గుజరాతీలో పూర్తయ్యేది. గింజ తయారవుతున్నప్పుడు నూనె ఎలా కూడుతుంది, మొలకెత్తేటప్పుడు ఆ నూనె ఎలా ఖర్చవుతుంది అన్నది ఆమె పరిశోధన. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి ఒక పంటకాలం కావాలి.

మొదటి పంటకాలం అలా పోయింది. ఆమె ఫెలోషిప్ 2021తో ఆఖరు. ఆ ఏడు వేసవి పంట కూడా చెడితే మరి గడువు పెంచడం తన చేతిలో లేదని ప్రొఫెసరు గారు ముందే చెప్పేశారు. డిగ్రీ లేకుండా ఇంటికి పోవడమే.

“పోతే ఏం చేస్తావు?” అని అడిగాను.

“అమ్మ తన పక్కన ఇంకో పీట ఏసి పెట్టింది మేడమ్. రాళ్ళు అతుకనీకి,” అంది. నవ్వుతూనే అంది గానీ పీట నిజంగానే వేసి ఉందట.

2021 మార్చిలో చేను మళ్ళీ పూతకొచ్చింది. అప్పటికి కూలీలు చాలామంది సొంతూళ్ళకు వెళ్ళి తిరిగి రాలేదు. పూలకు గుర్తు కట్టడానికి మేం వాడేది బంగారం కొట్లలో నగలకు కట్టే చిన్న కాగితపు చీటీలు. వాటిని అమ్మే దుకాణం మూసి ఉంది. ఒక మనిషి ఒక పొద్దున కట్టగలిగే పూలు ఎన్నో నాకు తెలుసు. ఒక్కత్తే కడితే లెక్కకు సరిపోవని ఆ అమ్మాయికి చెప్పాను.

మొదటి రోజు నేను జీపులో వెళ్ళేసరికి చేనుగట్టు మీద ఒక స్కూటరు, దాని పక్కన బక్కపల్చటి మనిషి ఉన్నారు. మెడలో తువ్వాలు, మూతికి కట్టుకున్నదీ తువ్వాలే. రాత్రి పని దిగి తిన్నగా వచ్చాడు. వాళ్ళ నాన్న.

“ఒద్దన్నా ఇంటలేడు మేడమ్. నిద్ర లేదు, ఏం లేదు,” అంది అమ్మాయి.

“ఇంటికి పోయి పండుకుంటే నిద్రొస్తదా? సాంచెల సప్పుడు లేకుంటే నాకు కన్నే మూతపడదు. గదే ఇక్కడ పని జేస్తే అయిపాయె,” అని ఆయన సంచీ విప్పాడు. కండెలకు మిగిలిపోయిన దారం, రంగురంగుల పాలిస్టర్ కొసలు. “చీటీలెందుకు మేడమ్, గాలికి ఎగిరిపోతయి. రోజుకో రంగు కడ్దాం. చెప్పుండ్రి, ఏ రోజుకు ఏ రంగు? సూరత్ల రంగులకు కరువా?”

ఆలోచన మంచిది. ఏడు పొద్దుల పని, ఏడు రంగులు రాసిచ్చాను. మొదటి రోజుకు ఎరుపు. తర్వాత ఎలా కట్టాలో చూపించాను.

“వదులుగా కట్టాలి. కాయ ఎదిగేకొద్దీ కాడ లావవుతుంది. మధ్యలో ఒక అగ్గిపుల్ల పట్టేంత జాగా వదలండి.”

ఆయన నా ముడి కేసి జాలిగా చూశాడు. “గిది ముడి అంటరా మేడమ్? జారేది ముడెట్లయితది? మా దగ్గర ముడి జారితే బట్టల దాగు పడ్తది. దాగు పడ్తే సేట్ ఊకుంటడా?”

“ఇది బట్ట కాదు.”

“బాపూ, జర మేడమ్ చెప్పినట్టు చెయ్యే. మీ సేట్ కంటె మేడమ్ కడక్.”

“అగో, గట్లనా బిడ్డా! అయితే అగ్గిపుల్ల పెట్టే కడ్త తియ్.” జేబులోంచి నిజంగానే అగ్గిపెట్టె తీశాడు. ఒక పుల్లను కాడకు ఆనించి, దారం చుట్టూ తిప్పి, రెండు కొసలను చూపుడువేలు మీద అడ్డంగా వేసి ఏదో చేశాడు. నేతముడి పడింది. పుల్ల లాగేశాడు. దారం వదులుగా ఉంది, ముడి మాత్రం కదలదు. నేను ఒకటి కట్టేలోపు ఆయన నాలుగు కట్టాడు. అమ్మాయి ఒక వరస, ఆయన పక్క వరస. ఎండ ఎక్కకముందే ఎరుపు అయిపోయింది.

మిగిలిన ఆరు పొద్దులూ నేను వెళ్ళలేదు. కేసులు పెరుగుతున్నాయి, ఈ వయసులో చేలవెంట తిరగొద్దని ప్రొఫెసరు గారు జీపు పంపడం మానేశారు. అమ్మాయి రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఆ రోజు రంగు, కట్టిన పూల సంఖ్య చెప్పేది. అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చాయి. “బాపు చేతులు సాంచె లెక్క ఉరుకుతున్నయి మేడమ్,” అనేది.

ఏప్రిల్‌లో కాయలు కోయడం మొదలైంది. పది రోజులవి, తర్వాత ప్రతి అయిదు రోజులకూ ఒకసారి, నలభై రోజుల దాకా. కాయను దారం పైనుంచి కత్తిరించి, ఒక్కో కాయను ఒక్కో గొట్టంలో వేసి, మొక్క సంఖ్య, దారం రంగు రాసి, ఐసు పెట్టెలో తేవాలి. దారం మాత్రం మొక్క మీదే, కాడ మొదట్లో ఉండిపోతుంది. ప్రయోగశాలలో మొదట గింజల్ని మరిగే ఐసోప్రొపనాల్‌లో పడెయ్యాలి. లేకపోతే గింజలోని ఎంజైములు మనం చూస్తుండగానే కొవ్వుల్ని విడగొట్టేస్తాయి, లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ నెల చేతులకు రాసుకోవడానికని స్టోరు వాళ్ళు ఐసోప్రొపనాల్ డబ్బాలన్నీ పట్టుకుపోయారు. ఒక్కటి నేను అలమారలో పెట్టి తాళం వేశాను. నన్ను పిసినారి ముసలిదన్నారు. అననీ.

పది రోజుల గింజల్ని పలక మీద నడిపాం. సిలికా పూసిన గాజు పలక అడుగున కొవ్వు చుక్క పెట్టి ద్రావకంలో నిలబెడితే, ఒక్కో రకం కొవ్వు ఒక్కో ఎత్తుకు ఎక్కి ఆగుతుంది. తర్వాత అయొడిన్ ఆవిరిలో పెడితే గోధుమరంగు మచ్చలు తేలతాయి. పైన ఆగేది అసలు నూనె, ట్రైగ్లిజరైడ్లు. కింద ఉండేవి పొరలకు పనికొచ్చే కొవ్వులు. పది రోజుల గింజల్లో పై మచ్చ పలచగా ఉంది, అన్ని గొట్టాల్లోనూ ఒకేలా ఉంది. అలాగే ఉండాలి.

పదిహేను రోజులవి కోసి వచ్చిన మర్నాడు అమ్మాయి రాలేదు. ఫోన్ చేసింది.

“బాపుకు దమ్ము ఆడ్తలేదు మేడమ్.”

మూడో ఆస్పత్రిలో మంచం దొరికింది. ఆక్సిజన్ మాత్రం మీరే తెచ్చుకోండి అన్నారట. ఆ అమ్మాయీ, వాళ్ళ ఖాతాలో పనిచేసే ఇద్దరు కార్మికులూ సిలిండరు కోసం నగరమంతా తిరిగారు. ప్రయోగశాలలో మా నైట్రోజన్ సిలిండర్లను గ్యాసు డీలరు ఆ వారమే తీసుకుపోయాడు, ఆక్సిజన్ నింపడానికి. గింజల నుంచి తీసిన కొవ్వును నైట్రోజన్ కింద ఆరబెడతాం, ఆక్సిజన్ తగిలితే నూనె చెడుతుంది కాబట్టి. నా ఉద్యోగమంతా నూనెకు ఆక్సిజన్ తగలకుండా చూడడంలోనే గడిచింది. ఆ డీలరుకు నేనే ఫోన్ చేశాను. ముప్ఫై ఏళ్ళ పరిచయం, అక్కా అన్నట్టు నన్ను బెన్ అనే పిలుస్తాడు. “బెన్, నా తమ్ముడికే దొరకలేదు,” అన్నాడు. ఫోన్ మాత్రం పెట్టలేదు. నేనే పెట్టేశాను.

ఇరవై, ఇరవై అయిదు రోజుల కాయలు నేను కోయించాను. క్షేత్రం కాపలాదారుకు ఫోన్లో మొక్క సంఖ్యలు చదివి, కోసి, ఐసులో పెట్టి పంపించమన్నాను. ఆ అమ్మాయి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఉంది.

ఆయన ఏప్రిల్ చివర్లో పోయాడు. శవాన్ని ఇంటికి ఇవ్వలేదు. శ్మశానంలో వరసలో పెట్టారు. తల్లీ కూతుళ్ళు గేటు బయటి నుంచి ఏ మూట తమదో పోల్చుకోలేకపోయారట. ఇది నాకు అమ్మాయి చెప్పలేదు, వాళ్ళమ్మ చెప్పింది, చాలా రోజుల తర్వాత.

ముప్ఫై రోజుల కోత ఆయన పోయిన రెండో రోజున పడింది. వద్దు, కాపలాదారు కోస్తాడు అన్నాను. ఆమె వచ్చింది. ఊరి నుంచి బంధువులు ఫోన్లలో తిట్టారట, తండ్రి మైల తీరకముందే చేలోకి ఎట్ల పోతదని. నేను ఆటో కట్టించుకుని వెళ్ళాను. ఆమెకు ఎదురుగా నిలబడి సంఖ్యలు చదివాను. ఆమె కాయలు కోసింది. కాపలాదారు నీళ్ళ సీసా తెచ్చి గట్టు మీద పెట్టి దూరం జరిగాడు.

మే మధ్యలో పలకలు నడిపాం. ఇరవై రోజుల గింజలు మొదలుకొని లెక్క తప్పింది. ఒకే రంగు, ఒకే వయసు గొట్టాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిలో పై మచ్చ చిక్కగా, రూపాయి బిళ్ళలా ఉంది. పక్కదానిలో పదిహేను రోజుల గింజలా వెలిసిపోయి ఉంది. ముప్ఫై రోజులవైతే మరీ ఘోరం. కొవ్వు ఆమ్లాల పట్టీ కూడా అంతే. గింజ ముదిరేకొద్దీ తగ్గిపోవలసిన లినోలెనిక్ ఆమ్లం సగం గొట్టాల్లో తగ్గనే లేదు.

“నా చెయ్యే బాగలేదు మేడమ్. సరిగ కలుపుతలేను,” అంది అమ్మాయి. ఆమె చేతులు చూశాను. చెయ్యి కుదరని మనిషికి పలక మీద చుక్కలు అంత గుండ్రంగా పడవు. అయినా మళ్ళీ తియ్యమన్నాను. నా ఎదురుగా తీసింది. మళ్ళీ అవే మచ్చలు.

ప్రొఫెసరు గారు పలకలు చూసి కుర్చీలో వెనక్కి వాలారు. “ఈ తేడాతో ఏం రాస్తాం?” అన్నారు. ఆమె ఎదుటే అన్నారు.

తప్పు చేతిలో లేకపోతే గింజలో ఉండాలి. పది రోజుల గింజల్లో లేని తేడా ఇరవై రోజులకు వచ్చిందంటే, ఈ మధ్యలో కొన్ని కాయలకు ఏదో అందలేదన్నమాట. నేను చేనుకు వెళ్ళాను. ఆమె కూడా వచ్చింది. నీలం దారం ఉన్న ఒక మొక్క దగ్గర కూర్చుని కళ్ళజోడు పైకెత్తి చూశాను. కాడ దారానికి అటూ ఇటూ ఉబ్బి ఉంది, దారం దగ్గర నొక్కుకుపోయి ఉంది. పక్క వరసలో మరో నీలం. అక్కడ దారం గాజులా వదులుగా తిరుగుతోంది.

నొక్కుకున్నది నేతముడి.

పుల్ల పెట్టడం ఆయన ఏ రోజున మానేశాడో దారాలే చెప్పాయి. ఎరుపు తర్వాత రోజు పసుపు. పసుపులో కొన్ని వదులు, ఎక్కువ బిగుతు. నీలం నుంచి అన్నీ బిగుతే. అడిగేవాళ్ళు లేనప్పుడు చేతులు వాటికి తెలిసిన పనే చేశాయి. ముడి జారకూడదన్నది ఆయన చేతులకు చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతి. పాలిస్టర్ దారం సాగదు, చివకదు. కాడ లావెక్కాక కాయలోకి పోవలసిన సారం ఆగిపోయింది. కాయ పచ్చగానే ఉంది. లోపల గింజ పస్తులుంది.

నేను చెప్పక్కర్లేకుండానే ఆ అమ్మాయికి అర్థమైంది. మట్టిలో కూర్చుండిపోయింది.

“అన్నీ కలిపి సగటు తీస్తే నడువదా మేడమ్?”

“నడవదు. తిన్న గింజకూ తినని గింజకూ సగటు ఉండదు.”

“మరి?”

“ప్రతి గొట్టం మీదా మొక్క సంఖ్య ఉంది. ప్రతి మొక్క మీదా దారం ఉంది. ఒక్కొక్కటీ చూసి, బిగుతుగా ఉన్నవి లెక్కలోంచి తీసెయ్యాలి. మిగిలేవి తక్కువే. కానీ సరిపోతాయి.”

“బాపు కట్టినయన్నీ పారేయమంటున్నరా?” ఆమె గొంతు పెరిగింది. “రాత్రంత నిలవడి, పొద్దుగాల వొచ్చి కట్టిండు. ఆయన చేసిన ఆఖరి పని మేడమ్ అది. మీకు లెక్కలే గావాలె గద? మనుషులు వద్దు.”

నేను నొచ్చుకోలేదు. ఆ మాట నన్ను మావారు కూడా అన్నారు. “లెక్క తప్పితే ఆ పీట మీద కూర్చుంటావు. నువ్వు కూర్చోకూడదనే ఆయన నిద్ర మానుకుని వచ్చాడు. కట్టినవి ఉంచుకుంటావో, కట్టిన కారణం ఉంచుకుంటావో నువ్వే చూసుకో,” అన్నాను. తర్వాత గట్టెక్కి తుమ్మచెట్టు నీడలో కూర్చున్నాను. లెక్కల పుస్తకం ఒళ్ళో తెరిచాను.

ఆమె లేచింది. నా వైపు చూడలేదు. మొదటి వరస మొదటి మొక్క దగ్గరికి వెళ్ళి సంఖ్య చదివింది. “బిగుతు,” అంది. రాసుకున్నాను. “వదులు.” “వదులు.” “బిగుతు.” ఎండలో ఆ రెండు మాటలే.

ఎరుపు దారాల వరసలో సంఖ్య చదివి, దారాన్ని వేలితో తిప్పి చూసింది.

“ఏమిటి?”

“ముడి బాపుదే. వదులుగ ఉంది.”

“కాడ?”

“నొక్కుకోలే. బాగనే ఉంది.” దారాన్ని వదలకుండానే అడిగింది. “ఇది పెట్టొచ్చా?”

“వదులుగా ఉంటే పెట్టు. ఎవరు కట్టారన్నది కాదు మనకు.”

ఎరుపులో ఆయనవి అలాగే వరసగా వచ్చాయి, అగ్గిపుల్ల పెట్టి కట్టినవి. వాటి సంఖ్యలు చదివేటప్పుడు ఆమె ‘వదులు’ అన్న మాటను మరీ మెల్లిగా అంది. రెండోసారి అడిగి రాసుకున్నాను.

లెక్క కుదిరింది. బిగుతువి తీసేసి, ఏ వయసుకు నూనె ఎంతో మళ్ళీ గీత గీస్తే, అది పదిహేను రోజుల దగ్గర లేచి, ముప్ఫై దాటాక చదునైంది. ప్రొఫెసరు గారు ఈసారి ముందుకు వంగి చూశారు.

జూన్‌లో మొలకల పని. ఎండిన మంచి గింజల్ని గాజు పళ్ళాల్లో తడికాగితం మీద వేసి, రోజుకో పళ్ళెం తీసి కొవ్వు చూడాలి. మొలక తన నూనెనే తిని ఆకు వేస్తుంది. ఆకుపచ్చబడే దాకా దానికి వేరే తిండి లేదు. పళ్ళాలు లెక్కపెడితే ఒకటి ఎక్కువ వచ్చింది, దాని మీద సంఖ్య లేదు. లోపల ముడుచుకున్న, చిన్న గింజలు ఉన్నాయి. మొక్కల మీదే వదిలేసిన బిగుతు కాయల్ని ఎప్పుడో వెళ్ళి ఏరుకొచ్చింది.

“ఇది లెక్కకు కాదు మేడమ్,” అంది, నేను అడగకముందే.

చాలా గింజలు బూజు పట్టాయి. కొన్ని మొలిచాయి. మూడో రోజు తెల్లటి వేళ్ళు కనిపించాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. ఆకు రంగు రాలేదు. వాటినీ పలక మీద నడపమని అడిగింది. నడిపాం. అయొడిన్ ఆవిరిలో మిగతా గింజల వరసల్లో పై మచ్చలు ఒక్కొక్కటే లేచాయి. ఆ ముడుచుకున్న గింజల వరసలో పైన ఏమీ లేదు.

“ఏం మిగల్లే కదా,” అంది.

“లేదు.”

ఆమె ఆ పళ్ళెం కడిగి, ఆరబెట్టి, మర్నాటి గింజలకు సిద్ధం చేసుకుంది.

థీసిస్ మరుసటి ఏడు ఇచ్చింది. పీట మీద ఇప్పుడు రాళ్ళ డబ్బాలు పెట్టుకున్నానని వాళ్ళమ్మ చెప్పింది. అచ్చు ప్రతి ఒకటి నా దగ్గర ఉంది. ముందు పేజీల్లో అందరికీ కృతజ్ఞతలు చెప్పే చోట, పూలకు దారాలు కట్టినందుకు నాన్నకు అని ఒక వాక్యం రాసింది. లోపల పద్ధతుల అధ్యాయంలో, కాడకు దారం బిగుసుకున్న కాయల్ని లెక్కలోంచి తొలగించామని మరో వాక్యం ఉంది. అది నేను పట్టుబట్టి రాయించాను. ఎన్ని తీశామో కూడా పెట్టించాను. పరీక్షకుడు ఆ రెండో వాక్యం దగ్గర ఆగి, అంత బిగుతుగా ఎందుకు కట్టారు, కూలీలకు సరిగ్గా చెప్పలేదా అని అడిగాడట.

“చెప్పినం సార్. మొదటి రోజు విన్నడు,” అని జవాబిచ్చిందట.